కుర్చీ పాఠం

"ఇయ్యాల ఏడిసాడంటే తీసుకెల్లిపోతాను టీచరమ్మా," అన్నాడు గంగరాజు. "ఇంటికాడ గది ఉన్నాది. బయట గొళ్లెం ఎట్టి నాను పన్లోకెల్తాను. ఇన్నాళ్లై లారీ ఎక్కనేదు. ఓనరు ఇంకొకడిని సూసుకుంటానంటన్నాడు. మరేటి సెయ్యమంటారు?"

తలకు చుట్టిన తువ్వాలు బిగించుకున్నాడు. కొడుకు గిరిబాబు వైపు మాత్రం చూడలేదు.

"భోజనాల గంట దాకా ఆగు గంగరాజూ," అంది హేమ.

కళింగపట్నం వెళ్లే దారిలో ఉన్న ఆ ప్రత్యేక పాఠశాలకు ఒకటే గది. కానీ ఎంతమంది పిల్లలో అన్ని పాఠాలు. మెడ నిలవని పింకీ బుగ్గతో మీట నొక్కి నీళ్లడగడం నేర్చుకుంటోంది. చప్పుడంటే పడని ప్రదీప్‌కు తెర వెనక మూలే బడి.

గిరిబాబు పాఠం ఒక కుర్చీ.

వాడికి చెవులు వినపడవు. కళ్లకు వెలుగు, నీడ, తెలుపు తప్ప ఏవీ ఆనవు. ఆ తెలుపు నానమ్మ దేముడమ్మ పొందూరు ఖద్దరు చీర. అది కనబడితే కూర్చుంటాడు. కనబడకపోతే రక్తం వచ్చేలా చేయి కొరుక్కుంటాడు.

బడిలో చేర్పించిన రోజే దేముడమ్మ హేమ చేతులు పట్టుకుంది. "నా గుండె మంచిది కాదు తల్లీ. నాను అగుపడకపోయినా ఈడు కూకునేలాగ నేర్పు. బేగి నేర్పు."

మొదట నానమ్మ కూర్చునే కుర్చీ వాడి పక్కనే. తర్వాత గోడవార. తర్వాత గుమ్మం. నెలలు పట్టింది. "మీ బడిలో ముందుగా నడక నేర్సుకున్నది కుర్సీయే," అని దేముడమ్మ నవ్వేది.

ఈ వారం మాత్రం హేమకు ఆగే వీల్లేదు. నిన్న వరండా చివర వేయించింది. ఇవాళ ఏకంగా గేటు దగ్గర.

"మరీ దూరం కాదేటమ్మా?" ఆయా కూర్మమ్మ గొణుగుతూనే వెళ్లి చెంగు సర్ది వచ్చింది. ఎండలో తెలుపు మెరిసింది.

దారానికి గవ్వలు గుచ్చుతున్న గిరిబాబు తలెత్తాడు. గుమ్మం వైపు చూశాడు. వరండా వైపు చూశాడు. తెలుపు లేదు. చేయి నోటికి వెళ్లింది.

గంగరాజు ముందుకు దూకబోయాడు. హేమ చేయి అడ్డం పెట్టింది. "ఆగు. వెతకనీ."

"ఈ కళ్లతోటి ఏటి ఎతుకుతాడమ్మా?"

గిరిబాబు లేచాడు. గోడ తడుముకుంటూ వరండాలోకి వచ్చాడు. పళ్లు చర్మంలోకి దిగుతున్నాయి. ఇంకాస్త ముందుకెళ్లి ఆ చీర పట్టుకున్నాడంటే అంతా అయిపోయినట్టే.

సముద్రం వైపు నుంచి గాలి విసిరింది. గేటు దగ్గర తెల్లటి చెంగు లేచి ఊగింది. నానమ్మ రోజూ అలాగే చెంగు ఊపేది, ఇక్కడే ఉన్నాను, నీ పని చూసుకో అన్నట్టు.

గిరిబాబు నోట్లోంచి చేయి తీశాడు. ఆ చేతినే గాలిలో ఊపాడు. వెనక్కి వెళ్లి కూర్చుని గవ్వ అందుకున్నాడు.

గంట కొట్టేదాకా మళ్లీ తలెత్తలేదు.

గంగరాజు మెల్లగా గేటు దాకా నడిచాడు. తువ్వాలు విప్పి, తల్లి దినానికి గీయించుకున్న గుండు వంచి, ఖాళీ కుర్చీకి చుట్టిన ఆ చీర చెంగుతో కళ్లు తుడుచుకున్నాడు.