కిరసనాయిలు వాసన

ఆత్మకూరు దాటి ఉదయగిరి రోడ్డెక్కగానే కారు దగ్గింది.

"మళ్లీ మొదలుపెట్టింది," అంది సుకుమారి.

వరప్రసాదం భార్య మాట వినిపించుకోకుండా గేరు మార్చాడు. ఉదయగిరిలో లెక్కల మాస్టరు ఆయన. రోజంతా పిల్లల తప్పులు దిద్దే మనిషికి తన తప్పు వెతుక్కునే తీరిక ఎక్కడుంటుంది?

కారు సెకండ్‌హ్యాండ్‌లో కొన్న మారుతి. సెలవుల్లో మద్రాసు వెళ్లి, దాంట్లో ఉన్న ఎయిర్ ఫిల్టరు తీయించి, ఎర్రగా మెరిసే కొత్త ఫిల్టరు పెట్టించాడు. దానికో లావుపాటి రబ్బరు గొట్టం. ఇంజనుకు గాలి బాగా అందితే కారు పరుగే పరుగని షాపువాడు చెప్పాడు. పరుగు సంగతి దేవుడెరుగు, ఎక్సలేటరు గట్టిగా తొక్కినప్పుడల్లా దగ్గడం నేర్చుకుంది.

ప్లగ్గులు మార్చాడు. కార్బ్యురేటరు కడిగించాడు. దగ్గు పోలేదు.

"ఆ గొట్టం పెట్టకముందు బాగానే ఉండింది కదండీ," అంది సుకుమారి.

"నీకేం తెలుసు ఇంజన్ల గురించి? మాయంతా పెట్రోల్లో ఉండాది. ఇందాక ఆత్మకూరు బంకులో పోయించినాం కదా, మొన్న కూడా ఆ బంకులోనే. కిరసనాయిలు కలపతా ఉండారు."

ఆ మాట నోట్లోంచి రాగానే ఆయనకే అది రుజువైపోయింది. కారు వెనక్కి తిప్పాడు.

బంకు దగ్గర ఐదారుగురు ఉన్నారు. వరప్రసాదం దిగుతూనే అరిచాడు. ఆదివారం చర్చిలో వాక్యం చదివే గొంతు, రోడ్డవతలికి కూడా వినిపించింది.

"ఇందాక నా కారుకు పెట్రోలు పోసింది ఎవుర్రా?"

వరప్రసాదం కారు టాపు మీద అరచేత్తో చరిచాడు.

"కిరసనాయిలు కలిపి అమ్ముతారా? నెల్లూర్లో మీ ఓనరుకు ఇప్పుడే ఎస్టీడీ కొడతా. పోసినోడు రేపట్నుంచి ఇంట్లో ఉండాల!"

"అంతపని చేయొద్దు సార్," అన్నాడు పక్కనున్న టీ అంగడతను. "ఆ ఓనరు ముందూ వెనకా చూడడు, పనిలోనించి తీసేస్తాడు. పిల్లలు గలోళ్లు, వీధిన పడతారు."

"అయితే ముందుకు రమ్మను!"

పంపు పక్కనుంచి ఖాకీ చొక్కా మనిషి ఒకడు ముందుకొచ్చాడు. యాభై దాటి ఉంటాయి. భుజం మీద తుండుగుడ్డ.

"నేనే సార్ పోసినాను."

"ఏం కలిపినావురా?"

ఆ మనిషి ఒకసారి పంపు వైపు చూశాడు.

"తప్పు నాదే అనుకోండి సార్."

చెంప చెళ్లుమంది. కారులో కూర్చున్న సుకుమారి కళ్లు మూసుకుంది.

"ఇంకో దెబ్బ కొట్టండి సార్. ఓనరుకు మాత్రం చెప్పొద్దు."

వరప్రసాదం ట్యాంకు మూత తీసి, దాన్ని ఆ మనిషి ముక్కు దగ్గర పెట్టాడు.

"కిరసనాయిలు వాసన రావడంలా?"

"వస్తా ఉండాది సార్."

అందరూ వినేలా రెండోసారి కూడా చెప్పించాడు. దండం పెట్టించుకున్నాడు. అప్పటికి గానీ కోపం దిగలేదు.

"పో, ఈసారికి బతికిపోయినావు."

కారు దగ్గుకుంటూనే ఆత్మకూరులో మెకానిక్కు ముజఫర్ షెడ్డు చేరింది. ట్యాంకు ఖాళీ చేసి వేరే పెట్రోలు పోయమన్నాడు వరప్రసాదం. ముందు ఇంజను చూద్దామని ముజఫర్ బానెట్ ఎత్తి, లోపల కూర్చుని ఎక్సలేటరు తొక్కాడు.

బానెట్ మీదికి వంగిన వరప్రసాదం కళ్లముందే మద్రాసు గొట్టం నడుమ అణిగి, అతుక్కుపోయింది. గాలి అందక ఇంజను దగ్గింది. కాలు తీయగానే గొట్టం మళ్లీ ఉబ్బింది.

"ఇంకోసారి తొక్కు," అన్నాడు నీరసంగా.

మళ్లీ అతుక్కుంది. మళ్లీ దగ్గింది.

గొట్టం ఊడదీసి, షెడ్డులో పడివున్న పాత ఫిల్టరు డబ్బా బిగించాక ఇంజను హాయిగా తిరిగింది. ట్యాంకులో ఉన్నది అదే పెట్రోలు.

ఊడదీసిన గొట్టాన్ని ఒకసారి చూసి, సుకుమారి కారెక్కి కూర్చుంది. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు. కొట్టిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో దూర్చుకున్నాడు. వయసులో పెద్దవాణ్ణి, తిరిగి మాట అనలేనివాణ్ణి, పదిమందిలో కొట్టాడు. పైగా లేని వాసన వస్తోందని చెప్పించాడు. సిగ్గుతో ఆయన ముఖం మాడిపోయింది.

"బంకుకు పోదాం," అన్నాడు.

"పోయి?"

"కాళ్లు పట్టుకుంటా."

బంకులో పంపు దగ్గర సన్నపాటి మనిషి ఒక్కడే ఉన్నాడు. కారును చూడగానే రెండడుగులు వెనక్కి వేశాడు.

"భయపడొద్దు నాయనా. నీ పేరేంది?"

"కామయ్య సార్."

"కామయ్యా, తప్పు నా కారుదే. పెట్రోలు మంచిదే. ఖాకీ చొక్కా ఆయన ఏడీ? డ్యూటీ దిగినాడా? ఇల్లెక్కడో చెప్పు, పోయి క్షమాపణ అడగాల."

కామయ్య తలొంచుకున్నాడు. కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి.

"మీ కారుకు పెట్రోలు పోసింది నేను సార్. మీరు అరస్తా ఉంటే పంపు వెనక నక్కినాను. అది చూసి, ఆయన ముందుకొచ్చినాడు."



"మరి... ఆయనెవరు?"

"ఎవురో నాకూ తెలీదు సార్. ఆటోకు పెట్రోలు పోయించుకోడానికి వచ్చినాడు. మీరు కొట్టినాక, పోయించుకోకుండానే ఎళ్లిపోయినాడు."