కప్పు దిష్టి

స్టేడియాల్లో ఇప్పుడు మనుషులు కూర్చోరు. మన అరుపుల్ని ఇంటి గోడలే అక్కడికి చేరవేస్తాయి. అరవని ఇల్లు దేశద్రోహి ఇల్లు.

మొన్నటి లీగ్ మ్యాచ్ రోజు మా చంటిది లిఖిత ఒళ్లు జ్వరంతో కాలిపోయింది. డాక్టర్‌ని పిలవమంటే గోడ, "మ్యాచ్ అయ్యాక" అంది. మనవాళ్లు ఓడారు. జ్వరంతో ఏడ్చిన నా బిడ్డని గోడలోని కెమెరాతో తీసి, "దేశం కోసం ఏడ్చిన పసిపాప" అంటూ బిస్కెట్ల ప్రకటనలో ప్రపంచమంతటికీ చూపించారు. అప్పట్నుంచీ అది పాలు సరిగ్గా తాగడం లేదు.

ఈరోజు ప్రపంచకప్పు ఫైనల్. చివరి ఓవర్లో అరిచే వంతు మా వీధిది. గోడ మీద ఎర్రదీపం వెలగగానే ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట పట్టాను.

"ఏటే, జెండా ఊపకుండా ఏటి చేస్తన్నావు?" పక్కింటి ఎర్రయ్యమ్మత్త గుమ్మంలోంచి కేకేసింది.

"దిష్టి తీస్తన్నానత్తా. లోకమంతా చూసింది కదా దీన్ని!"

పాప చుట్టూ గుప్పిట తిప్పుతూ గొంతెత్తాను. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, కప్పు దిష్టి, బిస్కెట్లోడి దిష్టి!"

స్టేడియమంతా నా గొంతే మోగింది. గోడ తెర మీద బౌలర్ పరుగు ఆపేశాడు.

అత్త మనవరాలి ఏడుపుని కిందటి కప్పులో సబ్బు కంపెనీ అమ్ముకుంది. ఆవిడా గొంతు కలిపింది. తర్వాత వీధంతా కలిపింది.

దిష్టి తీశాక ముమ్మారు ఉమ్మాలి. కెమెరా బంగారు కప్పు మీద నిలిచేదాకా ఆగి, అందరం ఒక్కసారే ఉమ్మాం.

"థూ! థూ! థూ!"