ఇంజన్ చప్పుడు

“బాబూ, ఈ బండి స్టార్టయ్యే రోజు జర నన్ను గూడ ఈడ నిలబడనిస్తవా?”

సుధాకర్ బానెట్ కింది నుంచి తల ఎత్తాడు.

గ్యారేజీ ముందు ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. కుడిచేయి ప్యాంటు జేబులో ఉంది.

“నీదా బండి?”

“కాదు.”

“మరి నీకేం పని?”

ముసలాయన ఏదో చెప్పబోయి ఆగిపోయాడు.

“ఊకెనే. సప్పుడు ఇందామని.”

సుధాకర్ మళ్లీ పనిలో పడ్డాడు. వినోదం చూపించే ఓపిక అతనికి లేదు.

బండి మిర్యాలగూడ శోభ టీచర్‌ది. ఆమె తండ్రి కొన్న పాత మారుతి. చలికాలం పొద్దుటిపూట దాని కార్బురేటర్ మొరాయిస్తే టీచర్ బడికి ఆటోలో పోవలసి వచ్చేది.

“కార్బురేటర్ తీసేసి కొత్త కార్లల్ల ఉండే పెట్రోలు ఇంజెక్షన్ పెడతా మేడం. తాళం తిప్పుడే ఆలస్యం, లేస్తది,” అని సుధాకరే మాటిచ్చాడు. సూర్యాపేటలో ఇలాంటి పని ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదని నలుగురికీ చెప్పుకున్నాడు కూడా.

కావలసిన సామానంతా కోదాడలో దొరికింది. అక్కడ పాత కార్లు విప్పి అమ్మే మహేష్ దగ్గర, లారీ గుద్దిన ఒక ఆల్టో ఉంది. దాని ఇంజెక్టర్లు, పెట్రోలు పంపు, వైర్లు, కంప్యూటర్ పెట్టె తెచ్చి ఒక్కొక్కటే బిగించాడు.

అంతా అయింది. ఇంజన్ మాత్రం అందుకోవడం లేదు.

కారణం సుధాకర్‌కు తెలుసు. ఆ కంప్యూటర్ తన పాత తాళంచెవిలోని చిప్‌ను గుర్తుపడితేనే పెట్రోలు వదులుతుంది. ఆ తాళంచెవి సామాన్లతో రాలేదు.

“ఓనర్ వాళ్ల దగ్గరే ఉండిపోయిందన్నా. అడిగి చూస్తాను,” అన్నాడు మహేష్.

రోజులు గడుస్తున్నాయి. శోభ టీచర్ ఫోన్లు ఎక్కువయ్యాయి. పక్క గ్యారేజీ వాళ్లు నవ్వుకుంటున్నారని సుధాకర్‌కు అనుమానం. వాటికి తోడు ఈ ముసలాయన. వస్తాడు, కాసేపు నిలబడతాడు, ఏమీ చెప్పకుండా వెళ్లిపోతాడు.

ఒక మధ్యాహ్నం సుధాకర్ చాయ్ తాగి వచ్చేసరికి ముసలాయన బానెట్ మీదికి వంగి ఉన్నాడు. కంప్యూటర్ పెట్టె మీద అరచెయ్యి పెట్టి మెల్లగా నిమురుతున్నాడు. సుధాకర్‌ను చూడగానే ఉలిక్కిపడి చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

“ఏం తీసినవ్?”

“ఏం తియ్యలే బాబూ.”

“జేబులకెళ్లి చెయ్యి తియ్యి.”

ఆయన తియ్యలేదు. పిడికిలి ఇంకా బిగించాడు.

“ఇది నాదే బాబూ. నీకు ఇద్దామనే...”

మాట పూర్తికాలేదు. సుధాకర్ కాలర్ పట్టుకుని రోడ్డు మీదికి లాగాడు. చొక్కా గుండీ తెగింది. చాయ్ హోటల్ దగ్గరున్న వాళ్లంతా లేచి వచ్చారు.

సుధాకర్ ఫోన్ తీసి ఆయన ముఖానికి ఎదురుగా పెట్టి వీడియో తీశాడు.

“సూడుర్రి, పెద్దమనిషి లెక్కనే ఉంటడు. కన్ను మాత్రం సామాన్ల మీద.”

ముసలాయన ముఖం దాచుకోలేదు. జేబులోని చెయ్యి జేబులోనే ఉంచుకుని బస్టాండు వైపు నడిచాడు.

‘గ్యారేజీ దొంగ. జాగ్రత్త’ అని రాసి సుధాకర్ ఆ వీడియోను స్టేటస్‌లో పెట్టాడు. సాయంత్రానికి అది ఎన్నో గ్రూపులు తిరిగింది.

కొన్నాళ్లకు మహేష్ ఫోన్ చేశాడు. తాళంచెవి దొరికిందన్నాడు.

సుధాకర్ కోదాడ పోయాడు. మహేష్ ఎప్పటిలా కూర్చోమనలేదు. తాళంచెవి అతని చేతిలో పెట్టాడు.

“ఇది తెచ్చిచ్చింది ఎవరో తెలుసా అన్నా? నువ్వు స్టేటస్‌లో పెట్టావే, ఆయనే.”

సుధాకర్ చేతిలోని తాళంచెవి వైపు చూశాడు.

“నీ అడ్రస్ నేనే ఇచ్చాను. నీ చేతికే ఇస్తానన్నాడు. వచ్చిన ప్రతిసారీ ఇద్దామనుకోవడం, చేతులు రాక వెనక్కి పోవడం. ఎందుకో నేను అడగలేదు. పేరు రాజారత్నం, ఊరు దామరచర్ల. నంబరిస్తాను, నువ్వే మాట్లాడు.”

తిరుగు బస్సులో సుధాకర్ తన ఫోన్‌లోని వీడియో తీసేశాడు. మిగతా వాళ్ల ఫోన్లలోది ఎలా తీసేయాలో తెలియలేదు. ఎదుటి సీట్లో ఎవరో ఫోన్ చూసుకుంటూ నవ్వితే తల కిటికీ వైపు తిప్పుకున్నాడు.

గ్యారేజీకి వచ్చి తాళంచెవిని కంప్యూటర్ గుర్తుపట్టేలా పెట్టి స్టార్టర్ తిప్పాడు. ఇంజన్ వెంటనే అందుకుంది. ఒక్క దగ్గు లేదు, వణుకు లేదు. ఇన్నాళ్లూ ఆ చప్పుడు కోసమే ఎదురుచూసిన సుధాకర్ దాని పక్కన నిలబడలేకపోయాడు.

నంబరు కలిపాడు. ఒకామె ఎత్తింది.

“నేను రాజారత్నం సార్ ఇంటామెను, సాయమ్మను.”

“అమ్మా, సూర్యాపేట గ్యారేజీ సుధాకర్‌ను. సార్‌తోని తప్పయిందని చెప్పుకోవాలె. బండి స్టార్టయింది. నేనే కారు తీస్కొని వచ్చి ఆయన్ను తోలుకపోత.”



“తాళంచెవి ఇచ్చొచ్చినకాడి నుంచి ఇల్లు దాటుతలేడు బాబూ. నీ వీడియో ఊరంత సూసిర్రు. ఐతారం చర్చికి గూడ పోతలేడు.”

సుధాకర్ పోయి ఇంజన్ ఆపేశాడు. అడగాలా వద్దా అనుకుంటూనే అడిగాడు.

“ఆ ఆల్టో సార్ నడిపేటిదా అమ్మా?”

“నడిపింది మా బిడ్డ గీత,” అంది సాయమ్మ నెమ్మదిగా. “దవాఖానల ఆమె బట్టలతోటి ఆ తాళంచెవి చేతిల పెడితే, దాన్ని పిడికిట్ల పట్టుకొని ఇంటికొచ్చిన తండ్రి బాబూ, ఆయన.”