కిటికీ పక్క రెండు మంచాలు

"తమ్మీ, ఆ గది తీసుకోకు."

డానియేలు వెనక్కి తిరిగి చూశాడు.

గోడవారగా బెంచీ మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసి ఉంది. ఎవరో తెలియదు.

శాలిబండ బస్టాపుకు ఎదురుగా ఉన్న చిన్న ట్రావెల్స్ ఆఫీసది. నీళ్ల డిపార్టుమెంటులో లైన్‌మన్‌గా రిటైరైన డానియేలు, భార్య బేబీని వెంటబెట్టుకుని ఉప్పుగూడ నుంచి ఆటోలో వచ్చాడు. ముంబైలో ఓడెక్కి, మూడు రాత్రులు సముద్రం మీద తిరిగి రావాలని వాళ్ల ముచ్చట.

ముప్పై ఏళ్లు నీళ్ల పైపుల వెంట తిరిగాడు కానీ అతను సముద్రం చూడలేదు.

బేబీ కోరిక ఇంకా చిన్నది. మంచం మీద పడుకుని, కిటికీలోంచి సముద్రం చూడాలి. అంతే.

ఆఫీసులో స్రవ్య కంప్యూటర్ తిప్పి ఓడ బొమ్మ చూపించింది. పై అంతస్తు, ముందు కొసన కిటికీ ఉన్న గది ఒకటి ఉంది.

"గిదే ఖాయం చెయ్యమ్మా. బస్సుల డ్రైవర్ పక్క సీటు లెక్క ఉంటది" అన్నాడు డానియేలు హుషారుగా.

అప్పుడే ఆ ముసలాయన కలగజేసుకున్నాడు.

"ఎందుకు తీసుకోవద్దు?" అడిగాడు డానియేలు.

"బస్సుల ఎనక సీటు ఎట్ల ఎగురుతది? ఓడల ముందలి గది గట్ల ఊగుతది తమ్మీ. అండ్లనూ పై అంతస్తు. నడిమిట్ల, కింది అంతస్తుల తీసుకోవాలె."

"మాకు ఊగితే ఫికర్ లేదు."

"మంచాలు చూసినవా? ఒకటే కింద. రెండోది గోడకు మడతపెట్టి ఉంటది. రాత్రి దించుతరు. దానికి నిచ్చెన ఎక్కాలె."

"నేనెక్కుత."

"నువ్వెక్కుతవ్. మరి రాత్రి చెల్లె లేస్తే చెయ్యి ఎవరిస్తరు?"

బేబీ మోకాళ్ల మీద చీర కుచ్చిళ్లు సర్దుకుంది. ఆఫీసు రెండు మెట్లు ఎక్కడానికే ఆమెకు చాలా సేపు పట్టింది. ఆయన అది చూసినట్టున్నాడు.

"రాత్రి ఎన్నిసార్లు లేస్తవ్ చెల్లె?" అడిగాడు.

డానియేలుకు ఒళ్లు మండింది.

"ఏంది పెద్దాయనా, ఆడమనిషిని గట్ల అడుగుతరా?"

బేబీ మాత్రం మెల్లగా చెప్పింది. "మూడుసార్లన్న లేస్తనన్నా."

"అయితే రెండు మంచాలు కిందనే ఉన్న గది కావాలె. రెండూ కలిపి వెయ్యమని ముందుగాల్నే రాయించు. వాళ్లు కలిపేస్తరు. బాత్‌రూమ్ దిక్కు నువ్వు పండుకో. కిటికీ కూడ అడుగుర్రి, కానీ దాని ముందట ఆపదల దిగే చిన్న పడవ వేలాడదీస్తరు కొన్నిటికి. సముద్రానికి బదులు పడవ అడుగే కనపడతది. అది గూడ చూసుకోవాలె."

డానియేలు స్రవ్య వైపు తిరిగాడు. "ఈయన మీ మనిషా ఏంది? పెద్ద గది అంటగట్టనీకి కూసోబెట్టినవా?"

"కాదంకుల్" అంది స్రవ్య కంగారుగా. "ఆయన చెప్పేది నిజమే. కానీ గట్లాంటి గదులు అన్నీ నిండినయి."

"నిండినయట! విన్నవా? ఇగ ఊకో. నీ పని నువ్వు చూసుకో."

ముసలాయన బేబీ మోకాళ్ల వైపు ఇంకోసారి చూశాడు. తర్వాత లేచి స్రవ్య దగ్గరికి వచ్చాడు.

"మీరు బయట చాయ్ తాగి రాండ్రి చెల్లె. ఇంకోసారి చూస్తది బిడ్డ."

చాయ్ తాగి వచ్చేసరికి ఆయన లేడు.

"ఒక గది ఖాళీ అయింది ఆంటీ" అంది స్రవ్య తల వంచుకుని. "నడిమిట్లనే. కింద రెండు మంచాలు. కిటికీకి అడ్డం ఏం లేదు."

"లొల్లి చేస్తె గిట్లనే దొరుకుతయి" అన్నాడు డానియేలు.

ఓడెక్కిన మొదటి రాత్రే సముద్రం పొంగింది. ముందు గదుల వాళ్లు తెల్లవార్లూ వాంతులు చేసుకున్నారని పొద్దున టిఫిను దగ్గర చెప్పుకున్నారు. వీళ్ల గదిలో గ్లాసులో నీళ్లు మాత్రం కాస్త కదిలాయి.

బేబీ లేచినప్పుడల్లా పక్క మంచం మీంచి డానియేలు చెయ్యి అందించాడు. తిరిగి పడుకున్నాక ఆమె కిటికీ వైపు తిరిగేది. వెన్నెల్లో నీళ్లు చూస్తూ నవ్వుకునేది.

"పెండ్లైనప్పటి సంది గింత సంబురంగ నిన్ను చూడలే" అన్నాడతను.

"ఆ అన్న పుణ్యం. నువ్వు ఆయన్ని మస్తు మాటలన్నవ్."

 తిరిగొచ్చిన మర్నాడే ఇద్దరూ స్వీటు డబ్బా పట్టుకుని శాలిబండ వచ్చారు.

"ఆ పెద్దాయన ఇల్లు చెప్పమ్మా. మాఫీ అడగాలె. ఓడల మీద ఎన్నేండ్లు కొలువు చేసిండు?"

"ఓడల మీదనా? ఆగయ్య తాత కుట్టుమిషన్లు బాగుచేసేటోడు అంకుల్. సముద్రమే చూడలే."

"మరి గవన్నీ ఎట్ల తెలుసు?"

"ఏడాది పొద్దు వారానికోసారి వచ్చి అడిగేటోడు. ఏ గది ఊగదు, ఏ మంచం ఎంత ఎత్తు, బాత్‌రూమ్ ఎన్నడుగులు. అన్నీ రాసుకొని పోయేటోడు."

"ఇప్పుడు యాడున్నడు?"

"పోయిన వారం ఇల్లు ఖాళీ చేసి పోయిండు. ఫోన్ బందుంది. ఎటు పోయిండో గల్లీల గూడ ఎవ్వరికి తెల్వదు."

బేబీ కుర్చీలో కూర్చుండిపోయింది.

"గన్ని ముచ్చట్లు ఎవరికోసం తెలుసుకున్నడు బిడ్డా?"

స్రవ్య తన కుర్చీ బేబీ దగ్గరికి జరుపుకుంది.

"మీకు చెప్పొద్దన్నడు ఆంటీ. మీరు పండుకొని వచ్చిన రెండు మంచాలు ఆయనకూ, ఆయన భార్య మాణిక్యమ్మకూ ఖాయం చేసిపెట్టుకున్నవి. ఆమె దినాలు అయిన మర్నాడు, ఆ గది వద్దని చెప్పనీకి వచ్చి కూసున్నడు ఆ రోజు."