నివాళి పేజీ

విశ్వవిద్యాలయంలో ఒక్కో శాఖకున్న వెబ్‌సైట్లన్నీ ఒకే సిస్టమ్‌లోకి చేరిపోయాయి. చనిపోయిన సిబ్బందికి పెట్టే నివాళి పేజీ ఒక్కటే ఇంకా చేర్చాల్సి ఉంది. ఆ పని చూసే ఉద్యోగిని రాత్రి ఆఫీసులో ఒంటరిగా కూర్చుని దాన్ని తెరవబోతే, "ఇంకొకరు మారుస్తున్నారు, ఆగండి" అని వచ్చింది.

పై ఆఫీసరుకు ఫోన్ చేసింది. "అక్కా, ఇంకెవరికైనా లాగిన్ ఇచ్చారా?"

"మనిద్దరికే కదమ్మా! నేనేమో దుప్పటి కప్పేసుకున్నా."

అంతలో ఏసీ ఆగింది. తాళం వేసిన పక్కగదిలో కీబోర్డు టకటకలాడి, అదీ ఆగింది.

పేజీ తెరుచుకుంది. కొత్త ఫోటో తనదే. ఒంటిమీద ఇప్పుడున్న నీలం స్వెట్టరే. కింద, "పైవారి ఆమోదం కోసం పంపబడింది."

"అక్కా, ఏదొచ్చినా ఓకే చేయకండి!"

"అయ్యో, ఇప్పుడే వచ్చింది. నీదేలే అని, ఎప్పట్లాగే చూడకుండా నొక్కేశానమ్మా."