పులిసిన పిండి

చలికాలం వస్తే బెంగళూరులో దోసెల పిండి ఒక పట్టాన పులవదు. అందుకే కాలేజీ స్నేహితులు చంపక, ఉల్లాస్ కలిసి ఐదేళ్ల కిందట పీణ్యలో పెట్టిన పిండి కంపెనీలో, రాత్రంతా తొట్టి పక్కన ఉల్లాసే కూర్చునేవాడు. "పదేళ్లు అంటిపెట్టుకుని ఉంటేనే కంపెనీ నిలబడుతుంది" అనేవాడు. ఈమధ్య ఎంత చలిలోనైనా పిండి పొంగిపొర్లుతోంది. తిన్నవాళ్లంతా రుచి అమోఘమంటున్నారు.

ఆ రాత్రి చంపక చెయ్యి పెట్టి కలిపింది. పిండి జిగటగా, జ్వరమొచ్చిన ఒంటిలా వెచ్చగా ఉంది. వేళ్లకి గట్టిగా ఏదో తగిలితే రాయనుకుని తీసింది. పన్ను. దాని వేరుకి ఇంకా ఎర్రటి కండ అంటుకుని ఉంది. పొద్దున తను తిన్నదీ ఈ పిండి దోసెలే.

"ఛీ! ఏంట్రా ఈ దరిద్రం? అంతా పారబోసి కంపెనీ మూసేద్దాం!"

ఉల్లాస్ వారం నుంచి తియ్యని మాస్కు తీశాడు. నోట్లో చిగుళ్లు తప్ప ఏమీ లేవు.

"ఇప్పుడెలా మూస్తామే? ఇంకా సగం దూరమే వచ్చాం" అన్నాడు జొల్లు తుడుచుకుంటూ. "నావైతే అయిపోయాయి."

తొట్టిలో ఒక బుడగ చిట్లింది. తన నాలుకే తగిలి, చంపక ముందుపన్ను కదిలింది.