ఆవలి యాస

ఫిరంగి గుండు కర్రపెండలం చేలల్లో పడింది. తూము పైకప్పు నుంచి మట్టి జలజలా రాలింది.

భూమిలో సగం పాతి, పైన ఇసుక మూటలు పేర్చిన ఆ సిమెంటు తూములో ఊళ్లో మిగిలినవాళ్లంతా మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు.

"గుడి మాదంటారు, గుట్ట మాదంటారు. రేపు మన మంచాలు కూడా వాళ్ల తాతలవే అంటారు ఈ కంబోడియా వెధవలు!" అన్నాడు ప్రయూన్. ఖోక్ తనోట్ ఊరి కాపలా దళానికి అతనే పెద్ద. అరవై దాటినా గొంతు తగ్గలేదు.

"నీ మంచం వాళ్లకెందుకురా, దాన్నిండా నల్లులేగా," అంది ముసలి బువా.

అందరూ నవ్వారు. చంథా కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా.

ఈసారి గుండు బాగా దగ్గరగా పడింది. తూము ఊగిపోయింది. "పిడుగు!" అని గావుకేక పెట్టింది చంథా.

అందరి తలలూ ఆమె వైపు తిరిగాయి.

థాయ్‌లాండ్‌లోని ఈ సరిహద్దు ఊళ్లలో ఇళ్లలో మాట్లాడేదీ కంబోడియా వాళ్ల ఖ్మేర్ భాషే. తేడా అల్లా మాట చివర వచ్చే 'ర' దగ్గరే. ఇక్కడివాళ్లు దాన్ని నాలుక మీద దొర్లిస్తారు. కొండ ఆవలివాళ్లు మింగేస్తారు. పిడుగుకి ఖ్మేర్‌లో అనే మాట చివరా ఆ 'ర' ఉంది. ఈ ఊరికి కోడలుగా వచ్చిన నాటి నుంచీ జాగ్రత్తగా దొర్లిస్తూ వచ్చిన చంథా, భయంలో మింగేసింది.

"ఆ మాట మళ్లీ అను పిన్నీ," అన్నాడు పక్కింటి థోన్.

"భయపడి ఏదో అంది. వదిలెయ్యరా," అంది బువా.

"వదిలేస్తే ఎలా? పక్కూళ్లో నూడుల్స్ అమ్ముకునే ఆవిడ ఇలాగే దొరికింది. ఇన్నేళ్లూ మనవాళ్ల చేతి కూడు తిని, మన ఇళ్లు ఎక్కడున్నాయో ఆవలివాళ్లకి చెబుతోందట. రాళ్లతో కొట్టి మరీ సైన్యానికి అప్పగించారు."

ప్రయూన్ టార్చిలైటు చంథా మొహం మీద పడింది. చాలాసేపు పక్కకి జరగలేదు.

"మీ పుట్టిల్లు ఎక్కడ?"

"ఖుఖాన్ దగ్గర, బాబాయ్." ఖుఖాన్ సరిహద్దుకి ఇవతలి ఊరే; మొగుడు బతికుండగా నేర్పిన అబద్ధం అది.

"ఖుఖాన్ దగ్గర ఏ ఊరు?"

ఆమె వెలుతురికి చేయి అడ్డం పెట్టుకుంది. థోన్ లేవబోయాడు. ప్రయూన్ అతని భుజం పట్టి కూలేశాడు.

"కూర్చో. కాపలా దళం పెద్దని నేనా, నువ్వా? ఈవిడ సంగతి నేను తేలుస్తాను."

మధ్యాహ్నానికి కాల్పులు ఆగాయి. ఊరి వాళ్లని శిబిరానికి తీసుకెళ్లడానికి లారీ వచ్చింది. దారిలో చెక్‌పోస్టు దగ్గర ఒక్కొక్కరి గుర్తింపు కార్డూ చూస్తున్నారని డ్రైవరు చెప్పాడు. చంథాకి కార్డు లేదు. ముందురోజే పసిబిడ్డతో శిబిరానికి వెళ్లిపోయిన కూతురికి ఉంది. పందుల్ని వదల్లేక తను ఒక్కతీ ఆగిపోయింది.

"నువ్వు లారీ ఎక్కకు. నా బండెక్కు," అన్నాడు ప్రయూన్.

లారీలోంచి థోన్ అరిచాడు. "గట్టిగా పట్టుకో బాబాయ్, పారిపోతుంది!"

మోటారు సైకిలు తారు రోడ్డు వదిలి రబ్బరు తోటలోకి తిరిగింది. చెక్‌పోస్టు ఇటు కాదు. ఇక్కడ అరిచినా వినే దిక్కు లేదు.

తోట నడిమధ్య బండి ఆపి, ఇంజను కట్టేశాడు. "ఇప్పుడు నిజం చెప్పు. ఏ ఊరు?"

ఆమె చేతులు జోడించింది. "నేనెవరికీ ఏమీ చెప్పలేదు బాబాయ్. చెరుకు కొట్టడానికి వచ్చాను, ఇక్కడే పెళ్లయింది. నా కూతురు ఇక్కడే పుట్టింది. దాన్ని మాత్రం ఏమీ అనకండి."

"ఊరి పేరు అడిగాను."

"కొండకి ఆవల, దిగగానే వచ్చే ఒ క్రవాన్."

ప్రయూన్ అటూ ఇటూ చూశాడు. "చాపలల్లే సోఖోమ్ అని ఒకావిడ ఉండాలి ఆ ఊళ్లో. తెలుసా?"

చంథా నివ్వెరపోయింది. ఆవలి ఊళ్లలో ఎవరెవరున్నారో కాపలా దళానికి మొత్తం తెలుసని ఊళ్లో చెప్పుకునేది నిజమేనన్నమాట. అబద్ధమాడితే ఇక్కడే దొరికిపోతుంది.

"తెలుసు. మా వెనకింటావిడే."

"ఉందా?"

"లేదు. నేను చిన్నదాన్నిగా ఉండగానే పోయింది."

"ఎలా?"

ఇదేం విచారణో ఆమెకి అర్థం కాలేదు. "జ్వరమొచ్చి. ఎవరో వస్తారంటూ, ఎంత చలైనా రాత్రిళ్లు తలుపు వేసుకునేది కాదు. పిచ్చిదని నవ్వేవాళ్లు. మా నాన్నే చితి పేర్చాడు."

"భిక్షువులు వచ్చారా?"

"వచ్చారు. మా అమ్మ అన్నం వండి పెట్టింది వాళ్లకి."

ప్రయూన్ దవడ బిగుసుకుంది. చేయి నడుముకున్న తుపాకీ ఒర మీద పడింది. చంథా కళ్లు మూసుకుని బుద్ధుణ్ణి తలుచుకుంది.

ఏమీ జరగలేదు. కళ్లు తెరిచేసరికి అతను దూరంగా వేలు చూపిస్తున్నాడు.

"ఆ గట్టు పట్టుకుని పో. శిబిరం వెనక గోడ వస్తుంది. చెక్‌పోస్టు తగలదు. థోన్‌కి నేను చెబుతాను, ఖుఖాన్ వెళ్లి విచారించాను, ఆవిడ అక్కడి మనిషే అని. ఇంకెప్పుడూ భయంలో నోరు జారకు."

ఆమె రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "అందరికంటే ఎక్కువ తిట్టేది మీరే కదా. నన్నెందుకు వదిలేస్తున్నారు బాబాయ్?"

అతను బండి స్టాండు తీశాడు. తల తిప్పకుండానే, ఇన్నేళ్లలో ఆ ఊళ్లో ఎవరూ వినని యాసలో, మాట చివరలు మింగేస్తూ మెల్లగా అన్నాడు.

"సోఖోమ్ మా అమ్మ."